నానీ చెప్పిన మాటకు సనద్ ఎక్కడ?

తల్లిదండ్రులకు, ఇంట్లో పిల్లల బాగోగులు చూసే దాదా, దాదీ, నానా, నానీలకు,

అస్సలాము అలైకుమ్.

మన బడిలో మెట్ల పక్క గోడ మీద చాలా ఏళ్లుగా ఒక వాక్యం ఉండేది: "విద్య కోసం చైనాకైనా వెళ్లండి - హదీసు". హదీసు అంటే ప్రవక్త ముహమ్మద్ (స) చెప్పిందీ, చేసిందీ అని మనదాకా అందిన మాట. వేసవిలో రంగులు వేయించినప్పుడల్లా పెయింటర్ పక్కన నిలబడి ఆ అక్షరాలను మళ్లీ దిద్దించింది నేనే. ఈ జూన్‌లో ఆరో తరగతి అమ్మాయి ఒకతె నా గదికి వచ్చి, "మేడం, ఈ హదీసు ఏ కితాబులో ఉంది?" అని అడిగింది. నాకు తెలియదు. మన ఉస్తాద్ (గురువు) గారిని అడిగితే ఆయన కాసేపు మొహమాటపడ్డారు. ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. ప్రవక్త (స) ఆ మాట అన్నారని చెప్పడానికి నమ్మదగిన ఆధారం లేదట. కొందరు హదీసు పండితులు బలహీనమని ఊరుకున్నారు, ఇబ్నుల్ జౌజీ అయితే దాన్ని కల్పిత హదీసుల పుస్తకంలోనే చేర్చారు. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను. "గోడ మీద ఉంది కదా, మీకు తెలిసే రాయించారనుకున్నా" అన్నారు.

నేను ఆయన్ని చూసి, ఆయన నన్ను చూసి ఊరుకున్నాం. ఆ అమ్మాయి ఒక్కతే అడగాల్సింది అడిగింది. నాలుగు నుంచి ఏడో తరగతి దాకా ఈ ఏడాది మొదలుపెట్టిన హదీసు తరగతి ఆ ప్రశ్నలోంచే పుట్టింది. ప్రతి గురువారం ఆఖరి పీరియడ్.

కొందరు తల్లులు ఫోన్ చేసి, "పక్క బడి పిల్లలు నలభై హదీసులు బట్టీపట్టి బహుమతులు తెచ్చుకుంటున్నారు, మనవాళ్లకు ఏడాది మొత్తానికి పదేనా?" అని అడిగారు. అవును, పదే. ఇమామ్ నవవీ సంకలనం చేసిన నలభై హదీసుల మీద నాకెంతో గౌరవం (లెక్కపెడితే అందులో నలభై రెండుంటాయి, ఇది పిల్లలే కనిపెట్టారు). కానీ గత మూడేళ్ల పోటీల్లో నేను చూసిందేమిటంటే, అరబీ పదాలు గడగడా ఒప్పజెప్పిన పిల్లవాడు "ఇది ఎవరు చెప్పారు, ఎవరు విన్నారు?" అంటే నోరు తెరవడు. అందుకే ఆ పోటీ ఆపేశాను.

ప్రతి హదీసులో రెండు భాగాలుంటాయి. ఒకటి సనద్, అంటే మాట ఎవరి నుంచి ఎవరికి అందిందో చెప్పే పేర్ల వరుస. రెండోది మత్న్, అంటే అసలు మాట. ఇంట్లో మనం పిల్లలకు మత్న్ మాత్రమే చెబుతాం. పాతకాలపు పండితుల ప్రాణమంతా సనద్ మీదే ఉండేది. "సనద్ అనేదే లేకపోతే ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవారు" అని అబ్దుల్లా బిన్ ముబారక్ అన్నట్టు ఇమామ్ ముస్లిం తన హదీసు గ్రంథం సహీహ్ ముస్లిం ముందుమాటలో రాశారు. ప్రవక్త (స) సహచరుడు జాబిర్ బిన్ అబ్దుల్లా (రజి) ఒక్క హదీసు కోసం నెల రోజుల దూరం ప్రయాణం చేశారని ఇమామ్ బుఖారీ నమోదు చేశారు. బుఖారీ గారు 810లో పుట్టి 870లో కన్నుమూశారు. ఆయన గ్రంథం సహీహ్ బుఖారీలో, మళ్లీ మళ్లీ వచ్చినవి కూడా కలిపితే, సుమారు 7,275 హదీసులున్నాయని ప్రసిద్ధమైన లెక్క. అందులో మొట్టమొదటిది "పనులన్నీ సంకల్పాన్ని బట్టే" అన్న హదీసు. దాన్ని మేం తరగతిలో పిల్లలతో నిలబెట్టి నేర్పాం. ఆరుగురు వరసగా నిలబడ్డారు, ఒక్కొక్కరి మెడలో ఒక్కో పేరు అట్ట: ఉమర్ (రజి), అల్ఖమా, ముహమ్మద్ బిన్ ఇబ్రాహీమ్, యహ్యా బిన్ సయీద్, సుఫ్యాన్, హుమైదీ. ఏడో పిల్లవాడు బుఖారీ, చేతిలో కలం. మధ్యలో నిలబడ్డ అల్ఖమా బాత్‌రూమ్‌కని వెళ్లిపోయాడు. వరుస తెగింది. "ఇప్పుడు ఈ హదీసు ఏమవుతుంది?" అన్నారు ఉస్తాద్. సనద్ తెగిన హదీసు ఎందుకు బలహీనపడుతుందో ఆ రోజు ఎవరికీ విడిగా చెప్పాల్సిన పని పడలేదు.

మరో వారం చెవిలో మాట చెప్పుకునే ఆట ఆడారు. ఆ ఆట మీకు తెలిసిందే, చివరికి వచ్చేసరికి మాట మారిపోయి అందరూ నవ్వుతారు. మేం దాన్ని రెండు వరుసల్లో ఆడించాం. ఒకే వాక్యం ఇద్దరి చెవిలో వేశాం, రెండు వరుసలూ గది చుట్టూ వేర్వేరుగా తిరిగాయి. చివర్లో రెండింటినీ బోర్డు మీద పక్కపక్కన రాసి, ఎక్కడ తేడా వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ పోయారు. మూడో నిమిషంలోనే దొంగ దొరికాడు. ముహద్దిసులు, అంటే హదీసు పండితులు, చేసింది ఇంచుమించు ఇదే. ఒక గురువు దగ్గర విన్న పదిమంది శిష్యుల పాఠాలను పక్కపక్కన పెట్టి, తొమ్మిదిమంది ఒకలా చెప్పి ఒక్కడే వేరేగా చెబితే ఆ ఒక్కడి జ్ఞాపకశక్తిని అనుమానించేవారు. ఒక్కోసారి ఆ ఒక్కడే సరైనవాడు అయ్యేవాడు కూడా, కాకపోతే అది తేల్చడానికి ఇంకా లోతుకు దిగాలి. అది మా ఐదో తరగతికి అందే విషయం కాదు, వదిలేశాం.

"ఇంత చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకు?" అన్న ప్రశ్న కూడా వచ్చింది. దీనికి జవాబు బుఖారీలోనే ఉంది. పిల్లలు ఏ వయసులో విన్నది చెల్లుతుందన్న అంశానికి ఆయన ఒక అధ్యాయమే కేటాయించారు. అందులో మహమూద్ బిన్ రబీ (రజి) అనే సహాబీ (ప్రవక్త సహచరుడు) చెప్పిన మాట ఉంది: తనకు అయిదేళ్లప్పుడు ప్రవక్త (స) బొక్కెనలోని నీళ్లు పుక్కిట పట్టి తన మొహం మీద చిమ్మిన సంగతి తనకు గుర్తుందట. ఎంత చిన్న సంగతో చూడండి. ధర్మశాస్త్రం కాదు, ఆజ్ఞ కాదు, ఒక పెద్దాయన పసివాడితో ఆడిన సరదా. ఆ పిల్లవాడు దాన్ని జీవితమంతా దాచుకున్నాడు, పండితులు దాన్ని గ్రంథానికి ఎక్కించారు.

అలాంటిదే అబూ ఉమైర్ కథ. అనస్ (రజి) గారి బుల్లి తమ్ముడు ఒక చిన్న పిట్టతో ఆడుకునేవాడు. ప్రవక్త (స) ఇంటికి వచ్చినప్పుడల్లా వాణ్ని "యా అబా ఉమైర్, మా ఫఅలన్ నుగైర్?" అని పలకరించేవారు. ఓ అబూ ఉమైర్ (ఉమైర్ తండ్రీ అని అర్థం), నీ బుల్లిపిట్ట ఏం చేసింది? అని. ఉమైర్, నుగైర్ అన్న ఆ ప్రాసకే మా నాలుగో తరగతి పడిపోయింది, ఇప్పుడు వరండాలో ఒకరినొకరు అలాగే పలకరించుకుంటున్నారు. ఈ ఒక్క చిన్న హదీసు నుంచి ఇబ్నుల్ ఖాస్ అనే పండితుడు అరవైకి పైగా పాఠాలు తీశారు. మా పిల్లలు పద్నాలుగు తీశారు. "పిల్లలకు కూడా పెద్దవాళ్లలా పేరు పెట్టి పిలవొచ్చు" అన్నది వాటిలో నాకు బాగా నచ్చింది.

ఇక ఇంట్లో మీకు వస్తున్న ఇబ్బంది. నలుగురైదుగురు తల్లులు ఫిర్యాదు చేశారు. ఒక అబ్బాయి వాళ్ల నానీ నిద్రపుచ్చుతూ ఏదో కథ చెబుతుంటే, "నానీ, దీనికి సనద్ ఏది? ఇది అబద్ధం" అనేశాడట. ఆమె ఆ రాత్రి సరిగా తినలేదని తెలిసి నాకు బాధేసింది. తప్పు మాది. ఒక మాటను "జయీఫ్", అంటే బలహీనం, అనడానికీ "మౌజూ", అంటే కల్పితం, అనడానికీ మధ్య ఉన్న దూరాన్ని మేం గట్టిగా చెప్పలేదు. జయీఫ్ అంటే అబద్ధమని కాదు. సనద్‌లో ఒకరి జ్ఞాపకశక్తి తక్కువ కావచ్చు, ఒక పేరు దొరకకపోవచ్చు. నిరూపణ చాలలేదని మాత్రమే దానర్థం. పైగా చాలా హదీసులు మనదాకా వచ్చింది ఆడవాళ్ల నోటి నుంచే. ప్రవక్త (స) భార్య ఆయిషా (రజి) గారి నుంచి 2,210 హదీసులు వచ్చాయని లెక్క. 11వ శతాబ్దంలో మక్కాలో కరీమా అల్ మర్వజియ్యా అనే ఆమె దగ్గర కూర్చుని పెద్ద పెద్ద పండితులు సహీహ్ బుఖారీ పాఠం విన్నారు. ఇదంతా విన్నాక ఆ అబ్బాయి వెళ్లి నానీకి సారీ చెప్పాడట. కథ మాత్రం ఎక్కడిదో ఇప్పటికీ వెతుకుతున్నాడు.

మన నేలకు సంబంధించిన ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. హైదరాబాదులో 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే ప్రచురణ సంస్థ, ఇబ్నె హజర్ రాసిన ఉల్లేఖకుల (హదీసులను ఒకరి నుంచి ఒకరికి అందించినవాళ్ల) జీవిత నిఘంటువు 'తహ్జీబుత్ తహ్జీబ్'ను 12 సంపుటాల్లో అచ్చువేసింది. బైహఖీ హదీసు సంకలనం 'సుననుల్ కుబ్రా' పది సంపుటాలూ అక్కడివే. ఇక 1908లో హైదరాబాదులో పుట్టి ఉస్మానియాలో చదివి, పాఠాలు చెప్పిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా కథ వేరు. ప్రవక్త (స) సహచరుడు అబూ హురైరా (రజి) గారి శిష్యుడు హమ్మామ్ బిన్ మునబ్బిహ్ రాసుకున్న 138 హదీసుల చిన్న పుస్తకానికి బెర్లిన్‌లో ఒకటి, దమాస్కస్‌లో ఒకటి రాతప్రతులుంటే, ఆ రెండింటినీ పోల్చి ఆయన అచ్చుకిచ్చారు. తర్వాతి శతాబ్దంలో ఇమామ్ అహ్మద్ తన ముస్నద్ అనే హదీసు సంకలనంలో హమ్మామ్ పేరుతో ఎక్కించిన పాఠంతో అది దాదాపు మాటకు మాట సరిపోయింది. బోర్డు మీద రెండు వరుసలు రాసి పోల్చుకున్న మా ఐదో తరగతికి ఈ సంగతి వినగానే అర్థమైపోయింది.

ఈ తరగతిలో మేం చేయనిది కూడా చెప్పాలి. నమాజులో చేతులు ఎక్కడ కట్టాలి, ఆమీన్ పైకి అనాలా వద్దా వంటి మసాయిల్ (ఆచార నియమాల) జోలికి మేం పోం. మన బడిలో హనఫీ ఇళ్ల పిల్లలున్నారు, అహ్లె హదీస్ ఇళ్ల పిల్లలున్నారు, ఉర్సుకు వెళ్లే ఇళ్ల పిల్లలూ ఉన్నారు. ఆ సంగతులు మీ ఇంటి పెద్దలు, మీ మస్జిద్ ఇమామ్ గారు చూసుకుంటారు. ముస్లిమేతర పిల్లలకు ఈ పీరియడ్‌లో ఎప్పటిలాగే లైబ్రరీ, డ్రాయింగ్ ఉంటాయి. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం మీ అంగీకారం లేకుండా ఏ పిల్లనూ మత బోధనలో కూర్చోబెట్టకూడదు. ముస్లిం తల్లిదండ్రులైనా సరే, అంగీకార పత్రం మీద సంతకం చేయకపోతే పిల్లను పంపం.

మీ వంతు పని ఒకటుంది. "విన్నదల్లా చెప్పేయడం, మనిషి అబద్ధాలకోరు అనడానికి అదొక్కటి చాలు" అన్న అర్థం వచ్చే హదీసు సహీహ్ ముస్లిం ముందుమాటలో ఉంది. మన తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఈ రంజాన్‌లో వచ్చిన "ఇది పదిమందికి పంపితే..." సందేశాలు నేను లెక్కపెట్టాను, అంకె ఇక్కడ రాయను. వాటిలో రెండు నేనే పంపాను. ఇకపై గ్రూపులో హదీసు పెడితే గ్రంథం పేరు, ఉల్లేఖకుల పేరు కూడా రాయండి. లేకపోతే ఏడో తరగతి పిల్లలు మర్యాదగా అడుగుతారు, వాళ్లకు అనుమతి ఇచ్చాను.

అంగీకార పత్రాలు వచ్చే సోమవారంలోగా క్లాస్ టీచర్‌కు అందాలి. మెట్ల పక్క గోడ ఇప్పుడు ఖాళీగా ఉంది. "విద్యను వెతుక్కుంటూ ఎవరు ఒక దారిన నడుస్తారో, వారికి అల్లాహ్ స్వర్గానికి దారి సులభం చేస్తాడు" అన్న హదీసును ఆరో తరగతి ఎంపిక చేసింది. సహీహ్ ముస్లింలో అబూ హురైరా (రజి) నుంచి ఉంది. ఉస్తాద్ గారు చూశారు, నేనూ ఈసారి పుస్తకం తీసి చూశాను. పెయింటర్ శనివారం వస్తాడు. గ్రంథం పేరు, ఉల్లేఖకుల పేరు కూడా రాయాలంటే అక్షరాలు ఎక్కువవుతాయని వంద రూపాయలు ఎక్కువ అడుగుతున్నాడు.

వస్సలాం,
మీ ప్రధానోపాధ్యాయురాలు