సాలార్‌జంగ్‌కు గంటన్నర చాలదు

సంపాదకుడు గారికి,

చలికాలం వచ్చిందంటే జిల్లాల నుంచి స్కూలు బస్సులు హైదరాబాద్‌కు బారులు తీరతాయి. పొద్దున గోల్కొండ, మధ్యాహ్నం చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, సాయంత్రం ట్యాంక్‌బండ్... అన్నీ ఒక్కరోజులోనే. ఈ హడావుడిలో మ్యూజియానికి దక్కేది మహా అయితే గంటన్నర. లోపలేమో నలభైకి దగ్గరగా గ్యాలరీలు. ఒక్కోదానికి రెండు నిమిషాలు. మెట్లెక్కి దిగే సమయం తీసేస్తే అదీ ఉండదు. పిల్లలు చూసేది ముందున్నవాళ్ల వీపులే!

మ్యూజికల్ క్లాక్ సంగతే తీసుకోండి. గంట గంటకూ గడ్డం బొమ్మ బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. అందుకే 12కి అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. భోజనాలయ్యాక ఒంటిగంటకు తీసుకొస్తే ఒక్క దెబ్బతో సరి. పది గంటలకు తలుపులు తీయగానే లోపలికి వెళ్లి, 11కి ఐదు నిమిషాల ముందే పిల్లల్ని అక్కడ కూర్చోబెట్టడం మేలు. 12తో పోలిస్తే తగ్గేది ఒక్క దెబ్బే. ఈలోగా సుత్తి ఆడిస్తూ సెకన్లు లెక్కపెట్టే కమ్మరి బొమ్మను చూడొచ్చు.

1876లో నిజాం దివాన్ మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్న 'వెయిల్డ్ రెబెక్కా' (ముసుగు వేసుకున్న రెబెక్కా) శిల్పం ముందు సెల్ఫీ దిగి వెళ్లిపోతుంటారు. ఎదురుగా ఒక్క చూపుతో సరిపెట్టకుండా పక్కకు జరిగి చూడాలి. ఆ పాలరాతి ముసుగులోంచి ముఖం నిజంగా కనబడదు. ముక్కు, పెదవుల ఎత్తుపల్లాల మీద చెక్కిన సన్నని మడతల నీడలే కంటిని మోసం చేస్తాయి. మెఫిస్టోఫిలిస్, మార్గరెట్టా జంట శిల్పం దగ్గర తిప్పలు వేరు. ఒకే కొయ్య దుంగలో ముందు దయ్యం, వెనక తలవంచిన అమ్మాయి. ఆ అమ్మాయి కనిపించేది వెనకున్న అద్దంలోనే. వరుసలో నడిపిస్తే పొట్టి పిల్లలకు అద్దం అందదు. నలుగురైదుగురిని చొప్పున ఆపాలి.

పాత వస్త్రాలు, సూక్ష్మచిత్రాలున్న గదుల్లో 'లైట్లు వెలగట్లేదు' అని విసుక్కునేవాళ్లూ ఉంటారు. వెలుతురు తగిలే కొద్దీ రంగులు వెలిసిపోతాయి, పోయిన రంగు మళ్లీ రాదు. అందుకే అక్కడ కావాలనే దీపాలు తగ్గిస్తారు. కళ్లు అలవాటు పడేదాకా ఒక్క నిమిషం ఆగితే చాలు.

విహారయాత్రలకు అనుమతి ఇచ్చే అధికారులకు మా విన్నపం ఇదే. మ్యూజియానికి కనీసం పూట కేటాయించని ప్రణాళికను తిప్పి పంపండి. అన్నీ చూపించనక్కర్లేదు. తరగతి పాఠాలకు తగ్గట్టు ఐదారు గ్యాలరీలు ముందే ఎంచుకుని, ఇరవై మందికి ఒక ఉపాధ్యాయుడిని పెడితే చాలు. సంచులు, టిఫిన్ డబ్బాలు బస్సులోనే ఉంచితే కౌంటర్ దగ్గర సమయం వృథా కాదు. ఇక దరఖాస్తులో మ్యూజియానికి శుక్రవారం, జూకు సోమవారం రాసి ఉంటే అక్కడికక్కడే కొట్టేయండి, ఆ రోజుల్లో వాటికి సెలవు.

— ఒక పాఠకుడు, హైదరాబాద్