ఇంజిన్ వేడెక్కే బండ్ల విషయంలో మా షెడ్డులో వచ్చిన మార్పు

మా దగ్గర బండి చూపించుకునే అందరికీ నమస్కారం. ఇంజిన్ హీట్ అవుతోందని వచ్చిన బండిని పొద్దున తీసుకుని సాయంత్రానికి ఇచ్చేస్తామని ఇక మాట ఇవ్వడం లేదు. పైగా చెకింగ్‌కు విడిగా చార్జీ ఉంటుంది, ఒక్క పార్టు కూడా మార్చకపోయినా సరే. ఇది కొందరికి నచ్చదని తెలుసు. ఇప్పటికే కొందరు ఫోన్‌లోనే "అయితే వద్దులెండి" అన్నారు. వాళ్లను తప్పుపట్టను, కానీ ఎందుకిలా చేశామో ఉన్నదున్నట్టు చెబుతాను.

ఇంజిన్ నీళ్లను చల్లబరిచే రేడియేటర్ మారిస్తే మాకు పెద్ద బిల్లు, తక్కువ పని. రేడియేటర్ ఫ్యాన్ వైరింగ్‌లో కాలిపోయిన ఒక పిన్ను వెతికి సరిచేస్తే గంటల పని, చేతికి వచ్చేది దాదాపు సున్నా. వెతికినందుకు డబ్బు తీసుకోకుండా పార్టు మీద లాభంతోనే షెడ్డు నడపాలంటే, ఎంత నిజాయితీపరుడికైనా మనసు పార్టు మార్చడం వైపే లాగుతుంది. ఆ లాగుడు లేకుండా చేసుకోవడానికే ఈ చార్జీ.

ఇక సమయం సంగతి. హీట్ అవుతున్న బండి వస్తే మేం అడిగే మొదటి ప్రశ్న "ఎప్పుడు హీట్ అవుతోంది?" అని. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు డ్యాష్‌బోర్డ్‌లో వేడి చూపే ముల్లు పైకి వెళ్లి, రోడ్డు ఖాళీ అయ్యి స్పీడు అందుకోగానే కిందికి దిగితే మా అనుమానం ముందు ఫ్యాన్ మీదే. బండి వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. అలా కాకుండా హైవే మీదో, ఎత్తు ఎక్కేటప్పుడో హీట్ అయితే ఫ్యాన్ కంటే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) ప్రవాహాన్ని చూడాలి: లోపల పూడుకుపోయిన రేడియేటర్, సరిగ్గా తెరుచుకోని థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌కు దారి తెరిచే వాల్వ్), అరిగిన వాటర్ పంప్. ట్రాఫిక్‌లో ఏసీ చల్లదనం కూడా తగ్గుతోందంటే ఫ్యాన్ మీద అనుమానం ఇంకా బలపడుతుంది, ఎందుకంటే చాలా బండ్లలో ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు కూడా అదే ఫ్యాన్ గాలి ఇస్తుంది.

"ఫ్యాన్ తిరగడం లేదు, మోటర్ పోయింది" అని మీరే తేల్చేసుకుని వస్తుంటారు. పోయి ఉండొచ్చు. కానీ ఫ్యాన్ తిరగాలంటే సెన్సర్ వేడిని సరిగ్గా చెప్పాలి, ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) ఆ మాట విని రిలేకు (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్) ఆర్డర్ వేయాలి, రిలే కలవాలి, ఫ్యూజ్ బాగుండాలి, ఎర్త్ (బండి బాడీకి కలిపే వైరు) గట్టిగా ఉండాలి. ఇందులో ఏది తప్పినా మోటర్ కదలదు. చాలా బండ్లలో ఏసీ వేయగానే ఫ్యాన్ తిరగాలి. ఏసీ వేస్తే తిరిగి, ఇంజిన్ వేడికి తిరగకపోతే మోటర్ బాగానే ఉన్నట్టు, లోపం సెన్సర్ వైపు ఉన్నట్టు. రెండింటికీ తిరగకపోతే ఫ్యూజ్ చూసి, పక్కనే ఉన్న అదే రకం రిలే తీసి ఈ చోట పెట్టి చూస్తాం. రెండు స్పీడులున్న ఫ్యాన్ హై స్పీడులో తిరిగి తక్కువ స్పీడులో తిరగకపోతే, చాలావరకు అది స్పీడు తగ్గించే రెసిస్టర్ లోపం.

అసలు టైం తినేది దీని తర్వాత. కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చూపిస్తుంది. దాన్ని నమ్మలేం. పిన్ను సగం కాలిపోయి ఉన్నా కరెంటు పారనప్పుడు మీటర్ 12 చూపిస్తుంది. ఫ్యాన్ మోటర్ 20 ఆంపియర్లు లాగే సమయంలో అదే చోట కొలిస్తే వోల్టేజి పడిపోవడం కనిపిస్తుంది. అందుకే లోడ్ మీదే కొలవాలి. ఇంకో రకం మోటర్లుంటాయి, బ్రష్‌లు (లోపల కరెంటు అందించే కార్బన్ ముక్కలు) అరిగినవి. చల్లగా ఉన్నప్పుడు చక్కగా తిరిగి, వేడెక్కాక మొరాయిస్తాయి, చిన్నగా తడితే మళ్లీ లేస్తాయి. ఇలాంటి బండిని పది నిమిషాలు స్టార్ట్‌లో ఉంచి "బాగానే ఉందండీ" అని పంపితే మర్నాడు అది రోడ్డు మీద ఆగుతుంది. పూర్తిగా వేడెక్కనివ్వాలి, చల్లారనివ్వాలి, మళ్లీ వేడెక్కనివ్వాలి. ఈసీయూ లెక్కలు చదివే స్కానర్ పెట్టి, ఫ్యాన్ ఎన్ని డిగ్రీల దగ్గర ఆన్ అయి ఎక్కడ ఆఫ్ అవుతోందో చూడాలి. చాలా బండ్లలో ఇది 95 నుంచి 105 డిగ్రీల మధ్య మొదలవుతుంది. డ్యాష్‌బోర్డ్ ముల్లు ఇంత వివరంగా చెప్పదు. కొన్ని బండ్లలో అది చాలా డిగ్రీల తేడా వరకు మధ్యలోనే నిలబడి, తర్వాత ఒక్కసారిగా లేస్తుంది.

కొత్త మోటర్ వేసినా హీట్ తగ్గని బండ్లలో మేం మరచిపోకుండా చూసేది ఒకటుంది, గాలి ఎటు పోతోందని. వైర్లు తారుమారైతే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం ఉల్టా తోస్తుంది. ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉండే బండ్లలో గ్రిల్ ముందు కాగితం పెడితే లోపలికి లాగాలి. ఇంత చిన్న పరీక్ష ఎందరో చేయరు!

"ఫ్యాన్‌కు డైరెక్ట్ ఇచ్చేయండి" అని, అంటే సెన్సర్, రిలే లేకుండా నేరుగా కరెంటు ఇవ్వమని అడిగేవాళ్లకు ఒక మాట. అది ఇక చేయం. డైరెక్ట్ ఇస్తే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, అసలు లోపం దాని చాటున ఉండిపోతుంది, మోటర్ త్వరగా అరుగుతుంది. ఫ్యూజ్ లేకుండా లాగిన వైరు షార్ట్ అయితే నిప్పు అంటుకోవచ్చు. థర్మోస్టాట్ తీసి పారేయడమూ అంతే. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి చేరడానికి చాలా సేపు పడుతుంది, మైలేజీ పడిపోతుంది.

రేడియేటర్ మూత సంగతి చిన్నదే అయినా చాలామంది పట్టించుకోరు. మామూలుగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అదనంగా 1 బార్ ఒత్తిడి ఉంటే 120 వరకు మరగవు. ఆ ఒత్తిడి పట్టి ఉంచేది రేడియేటర్ మూతే. దాని రబ్బరు పోతే ఇంజిన్ బాగున్నా కూలెంట్ పొంగిపోతుంది. వేడి బండి మూత తిప్పొద్దని అంత గట్టిగా చెప్పేది కూడా ఇందుకే. ఒత్తిడి పోగానే లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మీదికి ఎగజిమ్ముతాయి.

హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కూ కింది బ్లాకుకూ మధ్య ఉండే సీలు) పోయిందేమోనని అందరికీ టెన్షన్. తెల్ల పొగ ఆగకుండా రావడం, ఆయిల్ పాలు కలిపినట్టు అవడం, లీకు లేకుండా కూలెంట్ తగ్గడం కనిపిస్తే అనుమానించాలి. అప్పుడు కూడా ప్రెజర్ టెస్ట్, కూలెంట్‌లోకి ఇంజిన్ గ్యాస్ వస్తోందా అని చూసే గ్యాస్ టెస్ట్ చేశాకే హెడ్ విప్పుతాం.

దారిలో ముల్లు ఎర్ర గీతకు వెళితే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, వీలైనంత త్వరగా పక్కకు ఆపి ఇంజిన్ ఆఫ్ చేయండి. ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ తనంతట తాను తిరగొచ్చు, చేతులు దూరంగా ఉంచండి. "దగ్గరే కదా" అని అలాగే నడుపుకుంటూ మాత్రం రావొద్దు, టో చేయించండి. కూలెంట్ మొత్తం కారిపోతే సెన్సర్ గాలిలో మిగిలి, ముల్లు తక్కువ చూపించే అవకాశం కూడా ఉంది. అప్పుడు గేజ్‌ను నమ్మి నడిపితే హెడ్ వంగుతుంది.

బండి ఇచ్చేటప్పుడు హీట్ ఎప్పుడు అయ్యింది, ఏసీ ఆన్‌లో ఉందా, ఈ మధ్య ఏ పార్టు మార్చారు, కూలెంట్ పోశారా మామూలు నీళ్లా, ఇవి చెబితే మాకు వెతికే పని సగం తగ్గుతుంది. ఇంతకుముందే ఎక్కడో డైరెక్ట్ చేయించిన బండి అయితే ముందు ఆ వైరింగ్‌ను కంపెనీ పద్ధతికి తెచ్చాకే చెకింగ్ మొదలుపెడతాం. ఆ పని చార్జీ వేరు, ఎంతవుతుందో ముందే చెబుతాం. మీరు సరేనంటేనే బండి లోపలికి తీసుకుంటాం.