నెట్ నెమ్మదించిందా, ఎవరైనా నెమ్మది చేశారా? కేంద్ర సహాయ మంత్రి పెమ్మసాని చంద్రశేఖర్ గారికి తిరుపతి నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారం. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ఫైబర్ లాగడం, స్ప్లైసింగ్ (ఫైబర్ తీగలు అతకడం), నెట్‌వర్క్ నిర్వహణ పనులు చేసేవాళ్ళం కలిసి రాస్తున్న లేఖ ఇది.

నెట్ న్యూట్రాలిటీకి, అంటే నెట్ కంపెనీ అన్ని సైట్లనూ ఒకేలా చూడాలన్న సూత్రానికి, కొత్త చట్టం కావాలని అడగడం లేదు. నియమం ఉంది, గట్టిగానే ఉంది. 2015లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన చర్చాపత్రానికి పది లక్షలకు పైగా ఈమెయిళ్ళు వెళ్ళాయి. 2016 ఫిబ్రవరి 8న ఒక్కో సైటుకు ఒక్కో డేటా రేటు పెట్టడాన్ని ట్రాయ్ నిషేధించింది. ఆ నియమం తప్పితే రోజుకు 50 వేలు, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల జరిమానా. 2018లో టెలికాం శాఖ ఈ సూత్రాన్ని లైసెన్సు షరతుల్లోకే ఎక్కించింది. అయితే ఆ షరతును ఎవరైనా తప్పారా అని తేల్చుకునే దారి మామూలు చందాదారుడికి లేదు. మా గోడు అదే.

రాత్రి తొమ్మిదికి ‘వీడియో తిరుగుతూనే ఉంది’ అని ఫోన్ వస్తుంది. దానికి కారణాలు నాలుగు. మొదటి మూడింటికీ న్యూట్రాలిటీకీ సంబంధం లేదు.

మొదటిది ఇంటి దగ్గరే ఉంటుంది. కనెక్టర్‌లో దుమ్ము, తలుపు సందులో మడత పడిన తీగ. అలిపిరి వైపు ఇళ్ళకు కోతుల సంగతి వేరే చెప్పక్కర్లేదు. తీగలో వెలుగు బలం కొలిచే పవర్ మీటర్ పెడితే మైనస్ 27 డీబీఎం కన్నా కిందికి చూపిస్తుంది, అంటే వెలుగు బాగా తగ్గినట్టు. అప్పుడు అన్ని సైట్లూ ఒకేలా కుంటుతాయి, లైను మాటిమాటికీ పడిపోతుంది. శుభ్రం చేస్తే పోయే జబ్బు.

రెండోది స్తంభం మీది స్ప్లిట్టర్, ఒక ఫైబర్‌ను చాలా ఇళ్ళకు పంచే పరికరం. జీపాన్ అనే ఈ పద్ధతిలో కంపెనీ వైపు ఒక పోర్టు నుంచి కిందికి వచ్చేది సుమారు 2,488 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు). దాన్ని 64 ఇళ్ళకు పంచి, ఇంటింటికీ 100 ఎంబీపీఎస్ ప్లాను అమ్మితే అమ్మింది 6,400, ఉన్నది 2,488. చూడటానికి మోసంలా ఉంటుంది గానీ, అందరూ ఒకేసారి లాగినా ఇంటికి 38 దాకా దక్కుతుంది. హెచ్‌డీ సినిమాకు ఐదు చాలు. అందుకే తప్పంతా స్ప్లిట్టర్ మీదికి నెట్టేవాళ్ళ మాట మేము అంత తొందరగా నమ్మం.

మూడోది ఊరు దాటాక, చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్ళే అప్‌స్ట్రీమ్ లింకు, కంపెనీని మిగతా ఇంటర్నెట్‌తో కలిపేది. పది గిగాబిట్ల లింకు మీదికి పన్నెండు గిగాబిట్ల వాడకం వస్తే ప్యాకెట్ల (డేటా ముక్కల) వరస పెరుగుతుంది, కొన్ని రాలిపోతాయి. తెల్లవారుజామున మామూలుగానే ఉంటుంది, రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా నరకం. ఇది పెట్టుబడి పెట్టని పిసినారితనం, వివక్ష కాదు.

నాలుగోదే అసలు తప్పు. ప్యాకెట్ లోపలికి తొంగిచూసే పెట్టెను దారిలో పెడతారు. సైటు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా, కనెక్షన్ మొదలయ్యే తొలి సందేశంలో సైటు పేరు ఎక్కువసార్లు బయటికే కనిపిస్తుంది. ఆ పేరు చూసి ఒకదాన్ని వెనక వరసలోకి తోస్తారు. దీనికన్నా గడుసు పద్ధతి ఇంకోటుంది, దానికి పెట్టె కూడా అక్కర్లేదు. ఒక వీడియో కంపెనీతో కలిసే పోర్టు నిండిపోయిందని తెలిసీ, ‘డబ్బు కడితే పెంచుతాం’ అని దాన్ని అలాగే వదిలేస్తారు. కాగితం మీద ఎవరూ ఎవరినీ ఆపలేదు. ఇంట్లో కూర్చున్నవాళ్ళకు కనిపించేది మాత్రం ఆ యాప్ ఒక్కటే బాగాలేదని.

చెరువు కింద నీరుగంటి నీళ్ళు తక్కువైన ఏడాది అందరి మళ్ళకూ తగ్గించి పారిస్తే అది కరువు. ఒక్కడి మడికే తగ్గిస్తే ఊళ్ళో పంచాయితీ పెడతారు. ఇక్కడ తూము మనకు కనిపించదు, అదీ చిక్కు.

స్పీడ్ టెస్ట్ చేసుకోమంటారు. ఆ టెస్ట్ చాలాసార్లు కంపెనీ సొంత నెట్‌వర్క్‌లోని సర్వర్‌నే ఎంచుకుంటుంది. మూడో కారణమున్న లింకును అది తాకదు, నాలుగోది దానికి పట్టదు. 100 ప్లానుకు 98 చూపిస్తుంది, ఫిర్యాదు మూసేస్తారు.

నిజంగా తేల్చాలంటే వైఫై వదిలేసి ల్యాన్ తీగ నేరుగా పెట్టాలి. వారం పాటు ఉదయం ఆరుకు, మధ్యాహ్నం రెండుకు, రాత్రి తొమ్మిదికి కొలవాలి. ప్రతిసారీ మూడు చూడాలి: కంపెనీ లోపలి సర్వర్, వేరే నెట్‌వర్క్‌లో ఉన్న సర్వర్, అనుమానమున్న సైటు. రాత్రి అన్నీ పడిపోతే అది రద్దీ. ఉదయం ఆరుకు కూడా ఆ సైటొక్కటే పడిపోయి, వీపీఎన్ (ఏ సైటో కనిపించకుండా వేరే దారిన పంపే యాప్) పెట్టగానే లేచి కూర్చుంటే అనుమానించాలి. అదైనా రుజువు కాదు. వీపీఎన్ దారి మారుస్తుంది కాబట్టి నిండిన పోర్టును తప్పించుకుని ఉండొచ్చు. వీపీఎన్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి ట్రేస్‌రూట్ (డేటా వెళ్ళే దారిలోని మలుపుల జాబితా) తీసి, ఏ మలుపు దగ్గర ఆలస్యం పెరిగిందో పక్కపక్కన పెట్టి చూడాలి. ఇదంతా రిటైరైన టీచరమ్మ చేయగలరా? అమెరికాలో 2007లో కామ్‌కాస్ట్ అనే నెట్ కంపెనీ బిట్‌టొరెంట్ (ఫైళ్ళు పంచుకునే పద్ధతి) కనెక్షన్లను మధ్యలో తెంపుతున్న సంగతి బయటపడింది కూడా బయటివాళ్ళు ప్యాకెట్లు పట్టి చూశాకే.

అందుకని మీ శాఖ చేయగలిగినవి అడుగుతున్నాం.

ట్రాఫిక్ నిర్వహణ పద్ధతుల మీద, పర్యవేక్షణకు అన్ని పక్షాలూ ఉండే సంస్థ మీద ట్రాయ్ 2020 సెప్టెంబర్ 22న సిఫార్సులు ఇచ్చింది. వాటిని ఆచరణలో పెట్టండి. ఏ పద్ధతి, ఏ వేళ, ఎందుకు వాడుతున్నారో కంపెనీ తెలుగులో బిల్లు వెనకే అచ్చు వేయాలి.

నెట్ వేగం కొలిచే పెట్టెలు ఇళ్ళలో పెట్టించండి. అమెరికా నియంత్రణ సంస్థ 2011 నుంచి ఇలాంటి కొలతలతో నివేదికలు ఇచ్చింది. సర్వర్లు కంపెనీల నెట్‌వర్క్‌ల బయట ఉండాలి, ఏ ఇంట్లో పెట్టె ఉందో కంపెనీకి తెలియకూడదు. తెలిస్తే ఆ ఇంటికి మాత్రం రాజభోగమే.

అప్‌స్ట్రీమ్ లింకులు, పెద్ద కంపెనీలతో కలిసే పోర్టులు రాత్రివేళ ఎంత శాతం నిండుతున్నాయో నెలనెలా బయటపెట్టించండి. 80 శాతం దాటి నెలల తరబడి అలాగే ఉన్న పోర్టుకు సంజాయిషీ అడగాలి. ఈ గ్రాఫు ప్రతి కంపెనీ కంట్రోల్ రూములోనూ తెర మీద ఉండేదే, కొత్తగా తయారు చేయాల్సిన పనిలేదు.

వీడియో కంపెనీల నుంచి ‘వాటా’ వసూలు చేసుకోనివ్వాలన్న టెలికాం కంపెనీల కోరికకు ఒప్పుకోకండి. చందాదారుడు ఆ డేటాకు ఇప్పటికే డబ్బు కట్టాడు. దక్షిణ కొరియాలో నెట్ కంపెనీల మధ్య డేటా పంపినవాళ్ళే డబ్బు కట్టే పద్ధతి 2016లో వచ్చింది. అక్కడి నెట్‌వర్క్ ఖర్చు భరించలేమని లైవ్ వీడియో సైటు ట్విచ్ 2024 ఫిబ్రవరిలో దుకాణం ఎత్తేసింది. మన దగ్గర మొదట మూతపడేది తెలుగులో పాఠాలు చెప్పే చిన్న సైటు.

బ్రాడ్‌బ్యాండ్‌తో కలిపి అమ్మే సొంత టీవీ, సొంత ఓటీటీల మీద కూడా ఓ కన్నేసి ఉంచండి. బయటికి పోని సొంత నెట్‌వర్క్‌కు 2016 నియమం మినహాయింపు ఇచ్చింది, నిషేధాన్ని తప్పించుకోవడానికి వాడితే చెల్లదనీ అదే నియమంలో ఉంది. నెలవారీ డేటా లెక్కలో సొంత యాప్‌ను వదిలేసి, పక్క యాప్‌ను మాత్రం లెక్కేస్తే ఆ వాక్యం కింద విచారించాలి.

చివరగా, పెట్టెలు తిరుపతి నగరంలోనే పెట్టి ఊరుకోవద్దు. ఇక్కడ వీధికి రెండు మూడు కంపెనీల తీగలుంటాయి, పక్కింటి కనెక్షన్‌తో పోల్చి చూడొచ్చు. కుప్పం, పలమనేరు వైపు ఒకే ఫైబర్ మీద ఆధారపడిన పల్లెల్లో పోల్చడానికి రెండో తీగే ఉండదు. మొదటి పెట్టె అలాంటి పల్లెలో పెట్టించండి. స్తంభం దగ్గర్నుంచి ఇంటిదాకా తీగ లాగే పని మేము చూసుకుంటాం.

ఇట్లు,
తిరుపతి, చిత్తూరు జిల్లాల ఫైబర్, నెట్‌వర్క్ పనివాళ్ళు