యూదుల వాదనలో రెండో వైపు కూడా రాయండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఇజ్రాయెల్‌లో మతవిద్య చదివే యువకులు సైన్యంలో చేరాలా వద్దా అన్న వివాదంపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. హరేదీలను, అంటే జీవితమంతా తోరా (యూదుల ధర్మశాస్త్రం) చదువుకే అంకితం కావాలనుకునే యూదులను, యుద్ధానికి భయపడి పుస్తకాల చాటున దాక్కునే వాళ్లుగా అందులో రాశారు. తమ గురించి వాళ్లేం చెప్పుకుంటారో ఒక్క వాక్యమైనా ఉంటుందేమోనని రెండుసార్లు చదివాను. లేదు. అది నాకు బాధనిపించింది.

నేను వాళ్ల పక్షం కాదు. 1948లో ఇజ్రాయెల్ తొలి ప్రధాని బెన్ గురియన్ సైన్యం నుంచి మినహాయింపు ఇచ్చినప్పుడు ఆ విద్యార్థులు సుమారు 400 మంది. యూరప్‌లో నాజీల చేతుల్లో నాశనమైన యెషీవాల (యూదుల మతపాఠశాలల) చదువును మళ్లీ నిలబెట్టుకోవడానికి ఇచ్చిన వెసులుబాటు అది. ఇప్పుడు వాళ్ల సంఖ్య పదుల వేలకు చేరింది. ఒక ఇంటి పిల్లలు సరిహద్దులో ప్రాణాలు పోగొట్టుకుంటుంటే ఇంకో ఇంటి పిల్లలకు ఏళ్ల తరబడి అసలు పిలుపే రాలేదు, అది న్యాయం కాదు. ఈ మినహాయింపుకు చట్టంలో ఆధారం లేదని 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ధర్మాసనంలోని తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా తేల్చారు. మంచి తీర్పు.

కానీ అసలు తగాదా పిరికితనం గురించి కాదు, మతాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్న దాని గురించి. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్‌ను రెండు పక్షాలూ సాక్ష్యానికి పిలుస్తాయి. పూర్వపు ఇశ్రాయేలీయుల్లో లేవీ గోత్రం వారు దేవుడి సేవకు ప్రత్యేకించబడ్డారని, మిగతావారిలా యుద్ధం చేయరని, మనసు ప్రేరేపిస్తే ఎవరైనా అలా దేవుడికి అంకితం కావచ్చని ఆయన రాశారు. హరేదీలు చూపించేది ఆ మాటలనే. తోరా చదువే ప్రజలను కాపాడుతుందని వాళ్లు నిజంగా నమ్ముతారు. సైన్యంలో చేరే మతనిష్ఠ గల యూదులు ఆయనే రాసిన ఇంకో నియమం చూపిస్తారు: తప్పనిసరి యుద్ధం వస్తే పెళ్లికొడుకు కూడా గది విడిచి బయల్దేరాలి. మన దగ్గర బైబిల్ చదివేవాళ్లకు తెలిసిన ప్రశ్న కూడా వాళ్లు గుర్తుచేస్తారు. “మీ సోదరులు యుద్ధానికి పోతుంటే మీరు ఇక్కడే కూర్చుంటారా?” అని రూబేను గోత్రాన్నీ గాదు గోత్రాన్నీ మోషే నిలదీసిన ప్రశ్న అది. నన్ను ఒప్పించింది ఈ రెండో వాదనే. అయితే మొదటిది తెలియకుండా దీని బరువు నాకు అర్థమయ్యేది కాదు.

ఇలా వినడం యూదుల సంప్రదాయంలోనే ఉంది. హిల్లెల్, షమ్మయి అనే ఇద్దరు ప్రాచీన గురువుల శిష్యులు మూడేళ్లు వాదించుకున్నారని యూదు పండితుల చర్చల గ్రంథం తల్మూద్ చెబుతుంది. చివరికి రెండు పక్షాల మాటలూ సజీవుడైన దేవుడి మాటలేనని, ఆచరణలో మాత్రం హిల్లెల్ వారి మాట నిలుస్తుందని ఆకాశవాణి వినిపించిందట. ఎందుకంటే వాళ్లు సౌమ్యులు. అవతలి పక్షం వాదాన్ని కూడా బోధించేవారు, అదీ తమ వాదం కంటే ముందు. ఓడిపోయిన అభిప్రాయాన్ని మిష్నాలో (తల్మూద్‌కు మూలమైన నియమాల సంకలనంలో) ఎందుకు రాసి ఉంచారంటే, తర్వాతి కాలపు న్యాయసభ ఏదైనా దాని మీద ఆధారపడాలనుకుంటే దొరకాలని.

యూదులు ఎప్పుడూ ఇలాగే నడుచుకున్నారని నేను అనను. 1772లో తూర్పు యూరప్‌లోని విల్నా నగర యూదు పండితులు, భక్తికి ప్రాధాన్యమిచ్చిన హసీదులనే కొత్త యూదు వర్గాన్ని వెలివేశారు. సొంత నియమం మరిచిపోవడం వాళ్లకూ జరిగింది.

మన తర్కశాస్త్రంలోనూ పూర్వపక్షం అంటే ముందుగా ఎదుటివారి వాదన చెప్పడమే. ఇప్పుడు పూర్వపక్షం చేయడమంటే కొట్టిపారేయడమన్న అర్థమే మిగిలింది.

ఇదంతా ఎక్కడో దూరదేశపు గొడవ అని వదిలేయలేకపోతున్నాను. మా తెనాలికి పెద్ద దూరం కాని కొత్తరెడ్డిపాలెంలో, చేబ్రోలు పక్కన, తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం కుటుంబాలు తమను యూదులుగా చెప్పుకుంటాయి. వాళ్లు యూదులా కాదా అన్న దానిపై కూడా రెండు అభిప్రాయాలున్నాయి. రేపు వాళ్ల గురించి రాసినా ఒక్క వైపే రాస్తారా?

ఈ వివాదంపై మళ్లీ రాసేటప్పుడు యెషీవా విద్యార్థి వాదనను, వాడు చదివి అవును, నా మాట ఇదే అని ఒప్పుకునేలా ముందు రాయండి. కొడుకును సైన్యానికి పంపిన మతనిష్ఠ గల తల్లి వాదనను దాని పక్కనే, అదే పేజీలో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి