పిల్లిని వదిలెయ్యకండి, చెయ్యి ఆపండి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు రాసింది చదివి మనసు చివుక్కుమంది. మనవడు ఒళ్లో పెట్టుకుని నిమురుతుంటే పెంపుడు పిల్లి చెయ్యి రక్కేసిందనీ, విశ్వాసం లేని జంతువు కాబట్టి గోనెసంచిలో వేసి రైతుబజారు దగ్గర వదిలేశామనీ రాశారు. ఆయన మీద కోపం లేదు. పిల్లాడి చేతిమీద నెత్తురు చూస్తే ఎవరికైనా కంగారే. ముందుగా ఆయనకి ఒక మనవి. ఇంట్లో పెరిగిన పిల్లి కొత్తచోట భయపడి చాలాసార్లు దగ్గర్లోనే నక్కి ఉంటుంది. చీకటిపడి సందడి తగ్గాక వెళ్లి, అది తినే గిన్నె చప్పుడు చేస్తూ రోజూ పిలిచే పేరుతో పిలవండి. దొరకొచ్చు.

ఇక రక్కడం సంగతి. ఆ పిల్లి ముందే చెప్పి ఉంటుందని నా నమ్మకం. మా ఇంట్లో మిరియం అని ఒక నల్లపిల్లి ఉంది. జగన్నాథపురం ఉప్పుటేరు ఒడ్డున వలల పోగుల మధ్య కనబడితే మా అబ్బాయి తెచ్చాడు. అప్పటికే కాస్త ఎదిగింది. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాకా మనుషుల చేతుల్లో తిరిగిన కూనలు తేలిగ్గా మచ్చికవుతాయి. ఆ రోజులు వీధిలో గడిచిపోతే చెయ్యంటే బెదురు ఒక పట్టాన పోదు. మిరియం కుక్కర్ కూతకే ట్రంకుపెట్టె వెనక్కి దూరేది. అలాంటిది తనంతట తనే వచ్చి ఒళ్లో కూర్చుని గురగురలాడేది. కాసేపటికి ముందుకాళ్లతో చెయ్యి పట్టేసి రక్కేది.

అసలు గుట్టు మా అత్తయ్యగారు కనిపెట్టారు. పెద్దావిడ, పగలంతా వరండా కుర్చీలోనే కాబట్టి పిల్లిని తీరిగ్గా చూసేవారు. మొదట తోక కొస మాత్రం కదులుతుంది. తోకంతా కాదు, వేలెడు మేర, అటూ ఇటూ. గురగుర ఆగిపోతుంది. చెవులు పక్కలకి తిరుగుతాయి, నడుం దగ్గర చర్మం ఒక్కసారి జలదరిస్తుంది. కంట్లో నల్లగుడ్డు పెద్దదవుతుంది. అప్పుడు తల తిప్పి చేతివంక చూస్తుంది. ఆ చూపు దాకా వచ్చాక కూడా నిమిరితే గోళ్లు పడతాయి. "అమ్మాయ్, తోక చూడు, చెయ్యి తీసెయ్" అని ఒళ్లో పిల్లి ఉన్న ప్రతివాళ్లకీ ఆవిడ చెప్పేవారు. ఇప్పుడు మా మనవరాలూ అదే మాట వాళ్ల స్నేహితులకి చెబుతోంది.

పిల్లులు ఒకదాన్నొకటి నాకేటప్పుడు చూడండి. తల, మెడ దగ్గరే నాకుతాయి, అదీ కాసేపే. మనమేమో తల నుంచి తోకదాకా పదేపదే దువ్వుతాం. బెదురు పిల్లి అది భరించలేదు. దవడలు, గడ్డం కింద, చెవుల మొదళ్లు దానికి ఇష్టమైన చోట్లు. పొట్టా తోక మొదలూ వదిలెయ్యాలి. వెల్లకిలా పడుకుందంటే పొట్ట నిమరమని కాదు, మీ దగ్గర భయం లేదని. మేం చేసిందల్లా ఇది: వేలు దాని ముక్కు ఎత్తున, కాస్త దూరంగా పెట్టి ఊరుకుంటాం. వాసన చూసి దవడ రాస్తే రెండుమూడు సార్లు నిమిరి ఆపేస్తాం. తలతో మళ్లీ పొడిస్తే ఇంకో రెండుసార్లు. పొడవకపోతే అంతే. ఇంగ్లండులో నాటింగ్‌హామ్ ట్రెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే తేలిందని మా అబ్బాయి చదివి వినిపించాడు. ఇష్టాయిష్టాలు పిల్లికే వదిలి, ఎక్కడ ముట్టుకోవాలో తెలుసుకుని ముట్టుకుంటే పిల్లులు తిరగబడడం తగ్గి దగ్గరితనం పెరిగిందట. మిరియం ఇప్పటికీ బెదురుదే, కానీ చేతులమీద గీతలు మాత్రం దాదాపు లేవు.

పిల్లలు వేళ్లు ఆడించి పిల్లిని ఉసికొల్పుతారు. అది మాన్పించి తీరాలి. కర్రకి గుడ్డపేలిక కట్టి ఆడించండి. రక్కినప్పుడు కొట్టినా నీళ్లు చల్లినా బెదురు ఇంకా పెరుగుతుంది. గోరు దిగితే చెయ్యి లాక్కోకండి, చర్మం చీరుకుపోతుంది. కదలకుండా ఉంటే అదే వదులుతుంది. దాక్కోవడానికి ఒక అట్టపెట్టె, గీరుకోవడానికి కొబ్బరితాడు చుట్టిన స్టూలుకాలు చాలు. ఎప్పుడూ నిమరనిచ్చే పిల్లి హఠాత్తుగా తిరగబడితే మాత్రం ఎక్కడో నొప్పి ఉందనుకుని వైద్యుడికి చూపించాలి. మా పక్కింటి పిల్లికి చెవిలో చీము పట్టింది, అంతదాకా దాన్ని పొగరుబోతు అన్నారు. గోళ్లు తీయించేయొచ్చు కదా అని ఒకాయన అడిగారు. గోరొక్కటే రాదండి, వేలి చివరి ఎముక కోసెయ్యాలి. న్యూయార్క్ రాష్ట్రం 2019లోనే దాన్ని నిషేధించింది. గోటి కొస కత్తిరిస్తే సరిపోతుంది, లోపల గులాబీరంగులో కనిపించే భాగం జోలికి పోకుండా.

రక్కినచోట పసుపో కారమో అద్దేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి వద్దు. ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ కుక్కలతోనే కాదు, పిల్లులతోనూ వస్తుంది. డాక్టరు రాసిచ్చిన తేదీల్లో డోసులన్నీ పూర్తి చేయించుకోవాలి.

మీకూ ఒక విన్నపం. ఏటా జులై 6న పశువైద్యశాలల్లో కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారని మీ జిల్లా పేజీలో వస్తుంది. ఈసారి ఆ వార్తలో పిల్లులకీ వేస్తారా, ఎక్కడ వేస్తారు అన్నది అధికారుల్ని అడిగి వెయ్యండి. మూడు నెలలు నిండిన కూన నుంచీ వేయించొచ్చు. మూతబుట్టలో పాతచీర పరిచి తెస్తే దారిలో బెదరదని కూడా చేర్చండి.

– ఒక పాఠకురాలు, కాకినాడ