కర్ర దాచమన్నావు కదా

చిక్కడపల్లి, హైదరాబాద్

చిన్నీ,

నిన్న రాత్రి ఫోనులో నువ్వన్న మాటకు నేను సరే అనలేదు, కాదనీ అనలేదు. "పెళ్లిచూపులకు వాళ్లొచ్చే ఆ ఒక్క పూటకు కర్ర గదిలో పెట్టెయ్యమ్మా, అడిగితే మోకాళ్ల నొప్పులని చెబుదాం" అన్నావు. మీ పెద్దమ్మ వారం నుంచీ ఇదే పాట పాడుతోంది, ఆవిడ మాట పట్టించుకోలేదు. నువ్వు అనేసరికి నిద్ర పట్టలేదు. కోపంతో కాదు. ఆ అబద్ధం నీకు నేర్పింది నేనే.

నీకు గుర్తుందో లేదో. నువ్వు ఎనిమిదో తరగతిలో ఉండగా మీ స్కూలు వార్షికోత్సవానికి వచ్చాను. మెట్ల దగ్గర తూలి గోడ పట్టుకున్నాను. నీ పక్కనున్న పిల్ల "మీ అమ్మకు ఏమైంది?" అంది. నువ్వు తల ఎత్తకుండా, జడ రిబ్బను సర్దుకుంటూ "కాలు బెణికింది" అన్నావు. పదమూడేళ్ల పిల్లవి, ఎంత తడుముకోకుండా చెప్పావో! ఇంటికొచ్చిన వాళ్లందరికీ నేను చెప్పే మాటే అది. అప్పటికి నా జబ్బు బయటపడి రెండేళ్లు.

నిజానికి అది అంతకు ముందే మొదలైంది. 2009లో ఒక పొద్దున కుంకుమ భరిణె తెరిస్తే ఎడమ కంటికి ఎర్రగా, కుడి కంటికి ఇటుక పొడిలా కనిపించింది. కల్తీ సరుకు అంటగట్టాడని కొట్టతన్ని తిట్టుకున్నాను. కన్ను తిప్పితే నొప్పి. నెలన్నరకు దానంతట అదే సర్దుకుంటే మరిచిపోయాను. 2011లో నడుము కింద అంతా మొద్దుబారితే ఎమ్మారై తీశారు, వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు, మల్టిపుల్ స్క్లిరోసిస్ అన్నారు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే నరాల మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుందట. కరెంటు తీగ మీది తొడుగు ఊడినట్టని డాక్టరు బొమ్మ గీసి చూపించారు. నమ్మకం కుదరక ఇంకో డాక్టరు దగ్గరికి వెళితే ఆయనా అదే తీగ గీశారు.

1868లోనే పారిస్‌లో షార్కో అనే వైద్యుడు ఈ జబ్బును విడిగా గుర్తించాడు. నూటయాభై ఏళ్లు దాటినా మన చుట్టాల్లో ఒక్కరూ దీని పేరు విని ఉండలేదు. షుగరన్నా బీపీ అన్నా అందరికీ అర్థమవుతుంది. దీని పేరు చెబితే ముందు పాఠం చెప్పాలి, ఆ తర్వాత వాళ్ల ముఖాల్లోని జాలి చూడాలి. అందుకని అబద్ధాలు పంచాను. మీ మేనత్తకు నడుము నొప్పి, ఎదురింటావిడకు బీపీ, నేను పాఠాలు చెప్పే స్కూల్లో విటమిన్ లోపం. ఎవరికి ఏది చెప్పానో గుర్తుపెట్టుకోలేక చివరికి పేరంటాలే మానేశాను. తప్పక వెళ్లాల్సిన పెళ్లికైతే పొద్దున్నుంచీ మంచినీళ్లు తాగేదాన్ని కాదు. ఫంక్షన్ హాల్లో బాత్రూమ్ ఎంత దూరమో, అంతవరకు ఆపుకోగలనో లేదో తెలియదు. ఇది నీకు ఇప్పటిదాకా చెప్పలేదు, సిగ్గు.

అలసట సంగతి అంతకంటే కష్టం. కన్ను మసకైతే డాక్టరు కాగితం చూపించవచ్చు, అలసటకు ఏం చూపిస్తాం? రాత్రంతా నిద్రపోయి లేచినా తడి బొంత కప్పుకున్నట్టు ఉంటుంది. "చూస్తే బాగానే ఉన్నావుగా" అంటారు. స్కూల్లో పెద్దావిడ "అలసట ఎవరికి లేదండీ" అంది. 2016లో రాజీనామా ఇచ్చేశాను. ఆ ఏడాదే వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో, 21 రకాల వైకల్యాల జాబితాలో నా జబ్బు పేరు కూడా ఉంది. చట్టం మాట అటుంచు, నా తరగతులు కింది అంతస్తుకు మార్చమని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలంటే పేరు చెప్పాలి కదా.

మూడేళ్ల కిందట చిక్కడపల్లిలో మెట్రో ఎక్కి, వృద్ధులకూ వికలాంగులకూ ఉంచిన సీట్లో కూర్చున్నాను. ఒక పెద్దాయన "ఇది మీలాంటి వాళ్లకు కాదమ్మా" అన్నాడు. మాట్లాడకుండా లేచాను. సుల్తాన్ బజార్ వచ్చేసరికి కాళ్లు నావి కాకుండా పోయి, కడ్డీ పట్టుకునే కింద కూర్చుండిపోయాను. ఆయన కంగారుగా లేచి తన చోటిచ్చి ఏమైందని అడిగాడు. ఎందుకో అసలు పేరు చెప్పేశాను. అర్థం కాక మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. ఇంట్లోవాళ్లు, డాక్టర్లు కాక ఆ పేరు నా నోట విన్న మొదటి మనిషి ఆయనే, ఎవరో ఏమిటో తెలియదు. ఆ వారంలోనే కోఠీ వెళ్లి కర్ర కొనుక్కున్నాను. అది చేతిలో ఉంటే సగం ప్రశ్నలు ఎవరూ వేయరు.

ఇప్పుడు వచ్చే ఆదివారం పెళ్లిచూపుల సంగతి. నాది అంటుకునే జబ్బు కాదని వాళ్లకు చెబుతాను. మీ అమ్మాయికీ వస్తుందా అని వాళ్లు అడగకపోయినా మనసులో అనుకుంటారు, కాబట్టి అదీ నేనే చెబుతాను. తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం నూటికి రెండు మూడు. మామూలు వాళ్లకంటే ఎక్కువే, దాచను. అది విని సంబంధం వద్దనుకుంటారేమోనన్న భయం నాకు లేదనుకోకు. కానీ పెళ్లయిన ఆరు నెలలకు నాకు ఈ జబ్బు మళ్లీ తిరగబెడితే, నువ్వు ఉన్నపళంగా బయలుదేరుతూ మీ అత్తగారికి ఏం చెబుతావు? మోకాళ్ల నొప్పికి మూడు రోజులు వరుసగా స్టెరాయిడ్లు ఎక్కించరు కదా.

పెళ్లి నీది. ఆ రోజు నన్ను బయటికి రావద్దంటే రాను, మీ నాన్న చూసుకుంటారు. (ఆయన్ను "మీరెలా ఉన్నారు" అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఈసారి ఫోను చేసినప్పుడు నువ్వు అడుగు.) వస్తే మాత్రం కర్రతోనే వస్తాను.

ఇంకొకటి. మీ పెద్దమ్మ ఉదయం పదకొండున్నరకు మంచిదంటోంది. ఈ మే ఎండల్లో ఆ వేళకు నా కళ్లు మసకబారతాయి, కాళ్లు తేలిపోతాయి. ఒళ్లు వేడెక్కితే ఈ జబ్బు లక్షణాలు పెరుగుతాయి. ఎమ్మారై రాకముందు రోగిని వేడినీళ్ల తొట్టెలో కూర్చోబెట్టి మరీ పరీక్షించేవాళ్లట! సాయంత్రం ఆరు దాటాక రమ్మని నువ్వే పెద్దమ్మకు చెప్పు, నేను చెబితే పంచాంగం తీస్తుంది.

కర్ర కింది రబ్బరు బుడిపె అరిగిపోయింది. మీ నాన్న కోఠీ నుంచి తెస్తానని మూడు వారాలయింది. నువ్వు వచ్చేటప్పుడు ఒకటి కొని తీసుకురా. వాళ్ల ముందు నడుస్తుంటే టైల్స్ మీద కీచుమంటే బాగుండదు.

అమ్మ