సిల్వర్ డాలర్ చేప ఎంత పెరుగుతుందో కూడా రాయండి

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన ఆదివారం ఇంట్లో అక్వేరియం పెట్టుకోవడం గురించి మీరు వేసిన పేజీ చదివాను, బాగానే ఉంది, కానీ అందులో రెండడుగుల ట్యాంకులో నియాన్ టెట్రాలతో పాటు సిల్వర్ డాలర్లు కూడా వేసుకోవచ్చు అని ఒక లైన్ ఉంది, అది చూశాక ఊరుకోలేక రాస్తున్నా. మూడేళ్ల కింద సరిగ్గా అదే మాట నమ్మి నేను చేసిన పనికి ఆ చేపలు ఎంత అవస్థ పడ్డాయో నా కళ్లతో చూశాను.

మేం ఉండేది పెరంబూర్లో. రంగు చేపలంటే చెన్నైలో ఎవరైనా కొళత్తూరే అంటారు, మాకు దగ్గరే కాబట్టి మా పాప పుట్టినరోజుకి అటు వెళ్లి ఒక షాపులో ఆరు సిల్వర్ డాలర్లు తెచ్చాం. అప్పుడు ఒక్కోటి రూపాయి బిళ్లంత ఉన్నాయి, తళతళా మెరుస్తూ గుంపుగా తిరుగుతుంటే పాప అక్కణ్ణించి కదల్లేదు. రెండడుగుల ట్యాంక్ ఉందన్నా, సరిపోతుందా అని షాపాయన్ని అడిగితే, ధారాళంగా సరిపోతుంది సార్, నియాన్లు కూడా వేసుకోండి కలర్‌గా ఉంటది అన్నాడు. ఇవి ఎంత పెద్దవవుతాయి అని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

వారం తిరిగేసరికి ట్యాంకులో మొక్కలు లేవు. ఆకులన్నీ కొరికేసి కాడలు మిగిల్చాయి. తర్వాత తెలిసింది, ఇవి దక్షిణ అమెరికా నదుల్లో ఆకూ అలమూ తిని బతికే చేపలని, పిరానాకి చుట్టాలే గానీ తిండి మాత్రం ఎక్కువగా శాకాహారమని. అయితే నోట్లో పట్టేంత చిన్న చేప కనిపిస్తే వదలవు, మా నియాన్లు పన్నెండూ రెండు నెలల్లో ఒక్కోటే మాయమయ్యాయి. ఏడాది దాటేసరికి డాలర్లు అరచేతి వెడల్పుకి వచ్చాయి.

పెరిగిన సిల్వర్ డాలర్ దాదాపు 15 సెంటీమీటర్లు ఉంటది, అంటే అర అడుగు, పైగా పళ్లెంలా గుండ్రటి ఒళ్లు. మామూలు రెండడుగుల ట్యాంక్ వెడల్పు ఒక అడుగు, నీళ్లు 56 లీటర్లు. అందులో అర అడుగు చేపలు ఆరు వెనక్కి తిరగాలన్నా చోటుండదు. పోనీ ఒకటో రెండో ఉంచుకుందామా అంటే అదీ కుదరదు, ఇవి గుంపులో బతికే జాతి, ఐదారైనా లేకపోతే భయంతో మూల నక్కి తిండి కూడా సరిగా తినవు. గుంపున్నా పిరికివే, చీకట్లో టక్కున లైట్ వేస్తే అద్దానికి గుద్దుకుంటాయి. ఒక రాత్రి నేను నీళ్లు తాగడానికి లేచి లైట్ వేశాను, ఒకటి మూత సందులోంచి ఎగిరి బయట పడింది, ఎటు పడిందో వెతికి పట్టుకునేలోపే చచ్చిపోయింది. ఆ మూత సరిగ్గా బిగించి ఉంటే బతికేది కదా అని ఇప్పటికీ అనిపిస్తది.

మిగిలిన ఐదింట్లో ఒకటి మాత్రం అందరికంటే తొందరగా పెరుగుతా గొంతు కింద, పొట్ట దగ్గర ఎర్రగా వచ్చింది. మగదేమో అనుకున్నాం. సంక్రాంతికి భీమవరం నుంచి మా బావగారు వచ్చి ట్యాంక్ ముందు కూర్చుని, ఏవయ్యా ఇది మా చెరువుల్లో పెంచే రూప్‌చందు కదా, దీన్ని అద్దాల పెట్టెలో పెట్టారేంటి అన్నారు. నిజమే, అది రూప్‌చందే, మార్కెట్లో కిలో లెక్కన కొనుక్కుని కూర వండుకునే చేప, స్థలం ఉంటే 80 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పిల్లప్పుడు రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నాకు తెలిసిన గుర్తు ఒకటి చెప్తా, వీపు మీద పెద్ద రెక్కకీ తోకకీ మధ్య చిన్న కొవ్వు రెక్క ఉంటది, సిల్వర్ డాలర్‌కి అది పొడుగ్గా సాగి ఉంటది, రూప్‌చందుకి పొట్టిగా ఉంటది. కొనేముందు ఇది ఒక్కటి చూసుకున్నా చాలు.

ఆ రూప్‌చందుని ఇక్కడి రెట్టేరి చెరువులో వదిలేయ్ అని ఒకాయన సలహా ఇచ్చాడు. దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు. అక్వేరియంలో నాచు తింటుందని వేసుకునే సక్కర్ చేపలు ఇలాగే చెరువుల్లో, కాలవల్లో చేరబట్టి మన ఆంధ్రాలో రైతులు దెయ్యం చేప అని నెత్తి కొట్టుకుంటున్నారు, వలలు చింపేస్తున్నాయని బావగారే చెప్పారు. మా రూప్‌చందుని చివరికి పూందమల్లి వైపు పెద్ద సిమెంట్ తొట్టి ఉన్న ఒకరికి ఇచ్చాం, పాప రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఇప్పుడు ఐదడుగుల ట్యాంక్ ఉంది, సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. నీళ్ల బరువే 400 కిలోలు దాటుతుంది కాబట్టి ఇంటి ఓనర్‌ని అడిగి గోడ పక్కన పెట్టించాం. డాలర్లకి ఇంకో రెండు కలిపి మళ్లీ ఆరు చేశాను. వాటికి తోడు ఒక జత సెవెరమ్ చేపలు, బ్రిసిల్‌నోస్ అనే చిన్న రకం సక్కర్ ఒకటి ఉన్నాయి, అన్నీ అరచేయంత సైజువి, నెమ్మదివి, గొడవల్లేవు. జియోఫేగస్ లాంటి చేపలు కూడా సరిపోతాయి. గప్పీలు, నియాన్లు అస్సలు వద్దు, గోల్డ్‌ఫిష్ వద్దు, ఏంజెల్ ఫిష్ అయితే పొడుగు రెక్కలు కొరికించుకునే ప్రమాదం ఉంది. ఆస్కార్‌తో కలపొచ్చు అంటారు, కానీ ఆస్కార్ అడుగు దాకా పెరుగుతుంది, డాలర్లు చిన్నవిగా ఉంటే మింగేస్తుంది. క్లీనింగ్‌కి పనికొస్తుందని అంటగట్టే మామూలు సక్కర్ కూడా అడుగు దాటి పోతుంది, అందుకే నేను బ్రిసిల్‌నోస్ తీసుకున్నా. తిండికి స్పిరులినా అనే నాచు కలిపిన పెల్లెట్స్, కొంచెం ఉడికించిన పాలకూర, కీరా ముక్క, బఠాణీ పెడతాను, పాలకూర వేసిన రోజు వాటి హడావుడి చూడాలి. ఇక మే నెలలో మన చెన్నై ఎండకి నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గిపోతుంది, వీటికి 24 నుంచి 28 డిగ్రీలు హాయి, అందుకని ఎండాకాలమంతా ఎయిర్ పంప్ ఆపను, కరెంట్ పోతే పనిచేయడానికి బ్యాటరీ పంప్ ఒకటి పెట్టుకున్నా.

బాగా చూసుకుంటే ఈ చేప పదేళ్లు, ఆ పైన కూడా బతుకుతుంది. మా పాపకి ఇప్పుడు తొమ్మిది, అది కాలేజీకి వెళ్లేదాకా ఇవి మా హాల్లోనే ఉంటాయి. అంత కాలం ఇంట్లో ఉండేదాన్ని కొనేటప్పుడు రేటు ఒక్కటే చెప్తే ఎలా అండీ? షాపుల వాళ్లు ప్రతి ట్యాంకు మీదా రేటు పక్కనే పెరిగితే ఎంత, ఎన్ని కలిపి పెంచాలి, ఎన్ని లీటర్లు కావాలి అని చీటీ అంటించొచ్చు, దానికి పెద్ద ఖర్చు కూడా లేదు. ఇక మీ పేపర్‌ని నేను అడిగేది, ఆదివారం వేసిన ఆ లైన్‌కి ఒక సవరణ వేయండి. ఆ పేజీ చూసి ఈ వారం కొళత్తూర్ వెళ్లేవాళ్లు ఉంటారు.

ఇట్లు
మీ పాఠకుడు,
పెరంబూర్, చెన్నై